ఎత్తు ప్రకారం నిలబడిన వాక్యాలు

చెల్లాచెదురైన వాక్యాలను పిల్లల చేత వరుసలో పెట్టించడంలో హిందూపురం నుంచి ధర్మవరం దాకా నా అంతటి అయ్యవారు లేడని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. రైలు పెట్టెలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పినాను. హిందూపురం మార్కెట్ దగ్గర టీ అంగట్లో చెప్పినాను. నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకొని చెప్పినాను. ఆ మైకు ఇచ్చినవాళ్ళు మళ్ళీ అడిగి తీసుకోవాల్సి వచ్చింది. ఎవరైనా నమ్మకపోతే రుజువుగా ఒక కథ ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకొనేవాణ్ణి. ముందు ఆ కథే చెప్తాను. వినడానికి బాగుంటుంది.

తొంభైల్లో నేను పెనుకొండ పక్క పల్లెలో, ఏడో తరగతి దాకా ఉన్న బడిలో పనిచేసేవాణ్ణి. కాపురం హిందూపురంలో. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు తిరిగొచ్చేవాణ్ణి. ఒకనాడు మా బడి తనిఖీకి పెద్ద ఆఫీసరు వచ్చినాడు. నేను అయిదు వాక్యాలు అయిదు అట్టల మీద రాసి, కలగాపులగం చేసి, అయిదుగురు పిల్లల చేతికిచ్చి, "మీ తావు మీరే వెతుక్కోండి" అన్నాను. వాళ్ళలో ఒక పొడుగుపాప ఉండేది, రెండేళ్ళు చదువు మానేసి మళ్ళీ చేరిన పిల్ల. ఆ పాప తన అట్ట చదువుకొని, అందరి వెనకనుంచి నడిచొచ్చి, మొట్టమొదట నిలబడింది. మిగతావాళ్ళు ఆ పాపను చూసి సర్దుకున్నారు. పేరా పూర్తయింది. ఆఫీసరు ముక్కు మీద వేలేసుకొని, "ఏం మాయ చేసినారు మాస్టారూ!" అని నా చెయ్యి పట్టుకొని ఊపినాడు. ఆ పాప తర్వాత బాగా చదువుకొని టీచరయింది.

ఇదీ కథ. చెప్పిన ప్రతిసారీ రోంత పెరిగేది. మా ఆవిడ వంటింట్లోనుంచే అడిగేది: "పోయిన తూరి చెయ్యి ఊపినాడు కదా, ఈ తూరి శాలువా కప్పలేదా?"

ఇందులో పల్లె నిజం, ప్యాసింజరు నిజం. అట్టలు నిజం. పొడుగుపాప వెనకనుంచి నడిచొచ్చి ముందు నిలబడిన మాటా నిజమే. మిగతాదంతా నేను కట్టింది. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెప్తాను. నా నోరు చెప్పనిస్తే.

ఆ పాప తల్లి కూలికి పోయే మనిషి. వేరుశెనగ చేలల్లో కలుపు, ఎండాకాలమొస్తే చింతపండు కొట్టే పని. తండ్రి బెంగళూరు పక్క ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయి, ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఇల్లు జరక్క పాపను ధర్మవరంలో చిన్నమ్మ ఇంటికి పంపినారు. అక్కడ మగ్గాలున్న ఇంట్లో పట్టుదారం కండెలకు చుట్టే పని. రెండేళ్ళకు తల్లికి ఏం తోచిందో, పోయి పిలుచుకొచ్చి మళ్ళీ బళ్ళో వేసింది. అప్పటికి పాప తన తరగతి పిల్లలకంటే ఒక తల ఎత్తు పెరిగింది. వెనక కూర్చొని, వీపు వంచుకొని, తన పొడుగును ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు ఉండేది. చదవడం వచ్చు. మెల్లగా, పెదవులు కదుపుకుంటూ చదివేది. కానీ చదివేది.

ఆఫీసరు వస్తాడని కబురు తెలిసిన వారంలోనే తల్లి బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"సార్, మీరే చెప్పల్ల. బిడ్డకు సదువు అంటుతాందా, అంటల్యా? అంటకుంటే చెప్పండి, మళ్ళా ధర్మారం తోలిస్తా. మా చెల్లెలు వచ్చేవాళ్ళ చేత పోయేవాళ్ళ చేత చెప్పి పంపుతాండాది, పిల్లను పంపు పంపు అని. ఈడ ఊరికే కూర్చోబెట్టుకోని నేనేం జేసేది?"

"ఎందుకమ్మా భయపడతావు? ఆఫీసరొస్తాండాడు. ఆయన ముందరే నీ కూతురు చేత చదివిస్తా. నువ్వే వచ్చి చూడు."

"ఆఫీసరు ముందర సదివితే సార్, ఇంగ మా చెల్లెలు కాదు, ఎవరొచ్చినా పంపను. రెండు కూలీలు జేసైనా సదివిస్తా."

"నాదీ పూచీ" అని ఎదురొమ్ము మీద చెయ్యి వేసుకున్నాను. చెయ్యి వేసుకోవడం నాకు బాగా వచ్చు.

అట్టలు నేనే తయారుచేసినాను. మా ఆవిడ పట్టుచీర కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె, ఇరుగుపొరుగు అడిగి తెచ్చిన పెట్టెలు కత్తిరించి, తెల్లకాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో వంకాయలంత అక్షరాలు రాసినాను. క్రియ ఒక్కటీ ఎర్రరంగులో. వాక్యాలు ఇవి:

అవ్వ చింతపండు బుట్ట ఎత్తుకొని సంతకు బయలుదేరింది.
దారిలో పెద్ద వాన పట్టుకుంది.
అవ్వ ఒక ఇంటి అరుగు మీదికెక్కి నిలబడింది.
వాన నిలిచేసరికి సంత ముగిసిపోయింది.
అవ్వ బుట్ట దింపకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

మొదటి రోజు నిజాయితీగానే ఆడించినాను. అట్టలు కలిపి పంచి, "వెతుక్కోండి" అన్నాను. చూడాల ఆ గలాటా! ఒకడు వానను పట్టుకొని సంత ముందరికి తోస్తాడు. ఇంకొకడు "రేయ్, తడిసినాక గదరా అరుగెక్కేది!" అని వాణ్ణి వెనక్కి లాగుతాడు. ఒకమ్మాయి, "సంత ముగిసినాక అవ్వ యాడికి పోతాది, సినిమాకా?" అంటుంది. గంట కొట్టినా పేరా పూర్తి కాలేదు. ఈ వయసులో ఆలోచిస్తే నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా పాఠం చెప్పింది ఆ ఒక్క పూటే అనిపిస్తుంది. కానీ మా హెడ్‌మాస్టరు కిటికీలోనుంచి చూసి భయపడిపోయినాడు.

"ఏమప్పా, ఆఫీసరు ముందర గూడా ఈ కొట్లాటేనా? మన ఇద్దరికీ ఇంక్రిమెంటు ఉండల్లా వద్దా?"

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. మా వైపు ఏ బడిలోనైనా పొద్దున ప్రార్థనకు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు. పొట్టివాడు ముందు, పొడుగువాడు చివర. 'లైన్' అంటే చాలు, నిద్రలో ఉన్న పిల్ల కూడా తన తావుకు పోయి నిలబడుతుంది. ఆ అలవాటునే వాడుకున్నాను. అందరికంటే పొట్టివాడికి మొదటి అట్ట. తర్వాతి వాడికి రెండోది. చివరిది పొడుగుపాపకు. ఇక చదవాల్సిన పనేముంది? అట్టలు తీసుకొని ప్రార్థనలో నిలబడినట్టు నిలబడితే పేరా తయారు. నాలుగు పూటలు అట్లాగే ఆడించినాను. హెడ్‌మాస్టరు నా వీపు తట్టి, "నీది తలకాయ కాదప్పా" అన్నాడు. మెచ్చుకోలనే తీసుకున్నాను.

పొడుగుపాప ఒకసారి అడిగింది: "సార్, నేను సదివి నిలబడతా సార్?"

"చదివినా నీ తావు చివరే కదా. గమ్మున నిలబడు."

ఆఫీసరు సన్నటి మనిషి, కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. తెచ్చిపెట్టిన కొబ్బరినీళ్ళు తాగి, నా తరగతికొచ్చి కూర్చున్నాడు. తల్లి అప్పటికే వచ్చి కిటికీ బయట నిలబడి ఉంది. ఆ పూట కూలి మానుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

నేను అట్టలు పంచినాను. "తావులు వెతుక్కోండి" అన్నాను. కన్ను మూసి తెరిచేలోగా అయిదుగురూ నిలబడినారు. అవ్వ సంతకు బయలుదేరి, తడిసి, తిరిగొచ్చింది. హెడ్‌మాస్టరు చప్పట్లు కొట్టినాడు. ఆఫీసరు కొట్టలేదు.

"బాగుంది. చాలా తొందరగా నిలబడినారు" అని నవ్వి, "ఆ అట్టలు ఒకసారి ఇట్లివ్వండి" అన్నాడు.

తీసుకొని పేకముక్కలు కలిపినట్టు కలిపినాడు. తనే పంచినాడు. "ఇప్పుడు నిలబడండి చూద్దాం."

పిల్లలు నిలబడినారు. వాళ్ళ తప్పేముంది? నేను నేర్పినట్టే, పొట్టివాడు ముందు, పొడుగుపాప చివర. పొట్టివాడి చేతిలో అవ్వ అప్పుడే ఇంటికి తిరిగొచ్చేసింది.

పొడుగుపాప చివర నిలబడి తన అట్ట వంక చూసుకుంటోంది. పెదవులు కదిలినాయి. తల ఎత్తి నా వంక చూసింది. తర్వాత వరుస పక్కనుంచి నడిచొచ్చి, పొట్టివాడి ముందు నిలబడింది. వాడు ఆ పాప వెనక మొత్తంగా మాయమైపోయినాడు. "సార్, నేను కనపడల్యా సార్!" అని వెనకనుంచి అరిచినాడు. తరగతంతా ఒకటే నవ్వు.

నేను పోయి ఆ పాప రెక్క పట్టుకున్నాను. "ఏయ్, నీ తావు యాడ? ఇన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదా?" అని ఈడ్చుకుపోయి చివర నిలబెట్టినాను. ఆ తొందరలో, ఆ భయంలో అట్ట మీద ఏముందో నేను చూడలేదు. అంతటితో ఆగింటే సరిపోయేది. ఆగలేదు. ఆఫీసరు వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాను:

"ఈ పాప మధ్యలో మానేసి చేరింది సార్. అక్షరాలు రావు. మిగతావాళ్ళు బాగా చదువుతారు."

ఆఫీసరు లేచి, ఒక్కొక్క అట్ట పైకి చదువుకుంటూ పోయినాడు. అవ్వ బుట్ట దింపకుండానే ఇంటికి తిరిగొచ్చింది. అవ్వ ఒక ఇంటి అరుగు మీదికెక్కి నిలబడింది. వాన నిలిచేసరికి సంత ముగిసిపోయింది. దారిలో పెద్ద వాన పట్టుకుంది. చివరకొచ్చి ఆగినాడు. అవ్వ చింతపండు బుట్ట ఎత్తుకొని సంతకు బయలుదేరింది.

"ఈ పాపే కదా మాస్టారూ, ముందుకు పోయింది?"

"ఏదో పొరపాటున పోయింటుంది సార్."

ఆయన నన్ను ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది. పాప తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు పోయిన తావే సరైంది తల్లీ" అన్నాడు. నేను కిటికీ వైపు చూసినాను. కిటికీలో ఎవరూ లేరు. 'అక్షరాలు రావు' అన్న మాట దగ్గరే ఆమె వెళ్ళిపోయినట్టుంది. తర్వాతి మాట ఆమె చెవిన పడలేదు.

మరుసటి రోజు పాప బడికి రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. వాళ్ళ ఇల్లు బడి వెనక వీధిలోనే. పోయి, "అమ్మా, నీ కూతురు చదివింది, నేను తప్పు చెప్పినాను" అంటే అయిపోయేది. అంత మాటకు ఎంతసేపు పడుతుంది? కానీ నేను ఆ వారమంతా స్టేషనుకు చుట్టుదారిలో పోయినాను, ఆ వీధి తగలకుండా. తర్వాత ఎవరో పిల్లలు చెప్పినారు, ధర్మవరం పోయింది సార్ అని. హాజరులో పేరు కొట్టేసినాను.

కొన్నాళ్ళకు ఈ సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టినాను. మొదట్లో నన్ను నేను తిట్టుకుంటూనే చెప్పేవాణ్ణేమో, గుర్తులేదు. చెప్పగా చెప్పగా పాప ముందు నిలబడిన ముక్క ఉండిపోయింది, నేను రెక్క పట్టి లాగిన ముక్క రాలిపోయింది. ఆ ఖాళీలో ఆఫీసరు కరచాలనం వచ్చి కూర్చుంది. అతికించడం నాకు వృత్తి కదా. అతుకు కూడా కనపడదు.

రిటైరైన తర్వాత, రెండు వేలు దాటి కొన్నేళ్ళకు, మా ఆవిడ అన్న కూతురి పెళ్ళికి చీరలు కొందామని ధర్మవరం పోయినాం. ఒక ఇంటి ముందుగదిలోనే అంగడి. పరుపు మీద పెద్దాయన చీరలు పరుస్తుంటే, వెనక గోడ దగ్గర ఒకామె కింద కూర్చొని, చూసిన చీరలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఆ తెల్లటి పెట్టెలు చూసేసరికి నా నాలుక ఊరుకోలేదు.

"ఈ అట్టలతోనే పెద్దయ్యా, నేను ఒకప్పుడు ఒక ఆఫీసరును పడగొట్టినాను!"

"అవునా సార్? ఎట్లా?" అన్నాడు పెద్దాయన. చీరలమ్మే మనిషికి వినక తప్పదు.

మొదలుపెట్టినాను. చేతులు తిప్పుతూ, పొట్టివాడి గొంతు, ఆఫీసరు గొంతు మార్చి మార్చి చెప్పినాను. ఆ తూరి శాలువా కూడా కప్పించినాను. మా ఆవిడ చీర అంచు వైపు చూస్తూ కూర్చుంది.

కథ అయినాక వెనకనుంచి ఆమె అడిగింది: "ఆ పాప తర్వాత ఏమాయె సార్?"

"టీచరయిందమ్మా! అనంతపురం పక్కన. మొన్న కూడా బస్టాండులో కనపడి కాళ్ళకు మొక్కింది."

"మంచిదాయె సార్" అంది.

పెద్దాయన ఇంకొన్ని చీరలు తెస్తానని లోపలికి పోయినాడు. ఆమె కట్టిన పెట్టె తీసుకొని లేచింది. లేచి, ముక్కాలిపీట వేసుకోకుండానే, చెయ్యి చాపి అటక మీద పెట్టింది. ఆ చెయ్యి అంతెత్తుకు పోవడం చూసేసరికి ఆ పొడుగు ఎవరిదో తెలిసిపోయింది.

తిరిగి, నా దగ్గరకొచ్చి నిలబడింది. ఇప్పుడు వీపు వంచలేదు. "బాగుండారా సార్?"

"నువ్వు..."

"నేనే సార్. మీరు గురుతు పట్టల్యా. నేను మీ గొంతు ఇంటానే పట్టినా."

మా ఆవిడ చేతిలోని చీర కింద పెట్టింది. నేను శాలువా సంగతి, బస్టాండు సంగతి, కాళ్ళకు మొక్కిన సంగతి ఎట్లా మింగాలా అని చూస్తున్నాను. ఆమె వాటి జోలికే పోలేదు.

"ఒగటే అడగల్లని ఉండె సార్, ఇన్నేండ్లూ. ఆ పొద్దు నన్ను ఎనక్కి లాగేటప్పుడు, మీరు నా అట్ట చూసినారా, చూళ్ళేదా?"

"లేదమ్మా" అన్నాను. "చూడలేదు. చూసింటే అట్లా చేస్తానా?"

ఆమె ముఖం తేలికైంది. నా కళ్ళతోనే చూసినాను, తేలికైంది.

"అదే సార్, నేను మాయమ్మకు అదే చెప్తి. సారు అట్ట చూళ్ళేదు మా, చూసింటే అట్లనేవాడు కాదు, ఆఫీసరు నాదే సరి అన్నాడు మా అని. మాయమ్మ ఇనల్యా. 'సార్లు సూడకుండా సెప్తారా? నువ్వే కత అల్లుతాండావు' అనింది. ధర్మారం బస్సు ఎక్కిచ్చిందాంక అదే మాట." రోంత నవ్వింది. "ఉండాది సార్ మాయమ్మ, నాకాడే ఉండాది. ఈ పొద్దు పోయి చెప్తా. సారే చెప్పినాడు మా, చూళ్ళేదంట అని."

పెద్దాయన చీరలతో వచ్చినాడు. మేము ఏదో ఒకటి తీసుకొని బయటపడినాం.

ధర్మవరం స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాం. మా ఆవిడ సంచీ తన ఒళ్ళో పెట్టుకొని, పట్టాల వైపు చూస్తూ అడిగింది.

"చూసినావు కదా?"

"ఏమి?"

"అట్ట."

చూసినాను. వంకాయలంత అక్షరాలు, నా చేతిరాత. 'బయలుదేరింది' అని ఎర్రరంగు నేను దిద్దిందే. పాప గది మధ్యకు రాకముందే చదివినాను. చదివినాను కాబట్టే లాగినాను. అయిదుగురూ ఎత్తు ప్రకారం ఉంటే ఆ వరుస చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆఫీసరు చదవకుండా ఒక నవ్వు నవ్వి లేచిపోతాడేమో అని నా ఆశ. ఆ ఒక్క పిల్ల సరైన తావులో నిలబడితే మిగతా నలుగురూ తప్పని, నేను వాళ్ళకు ఏమీ నేర్పలేదని, చదవకుండానే తెలిసిపోతుంది. ఆ గదిలో చదివింది ఆ పాప ఒక్కతే. కాబట్టి ఆ పాపకే చదువు రాదన్నాను.

ఇంతవరకు రాసింది మళ్ళీ చదువుకుంటే, అట్ట చూడలేదని మీకు కూడా పైన ఒకసారి చెప్పినట్టున్నాను. 'చూసినాను' అనే వాక్యం అక్కడ ఉండాల్సింది. తెచ్చి ఇక్కడ పెట్టినాను. ఏ పిల్లవాడైనా ఇట్లా రాసింటే సున్న వేసేవాణ్ణి.

మా ఆవిడకు అదంతా అప్పుడే చెప్పినాను. తిట్టలేదు.

"లేచి పో" అంది. "అంగడి మూసేలోగా పోయి చెప్పిరా. ఆ యమ్మ ఇంటికి పోయి వాళ్ళమ్మకు ఈ అబద్ధం గూడా చెప్పకముందే పో."

"బండొచ్చేస్తాది."

"వస్తే నేను హిందూపురంలో దిగతాలే. నువ్వు ఎనక బండికి రా."

నేను పట్టాల వైపు చూసినాను. సిగ్నలు పడలేదు. మైకులో బండి ఆలస్యమని చెప్పినారు. మా ఆవిడ నా వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి మళ్ళీ అటు తిరిగింది. ఒకతను వేరుశెనక్కాయలు అమ్ముకుంటూ వస్తే కొన్నాను, ఒలుచుకుంటూ కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద నీడలు సాగినాయి. అంగడి దగ్గరికి పోయి, ఒక్క మాట చెప్పి, నిదానంగా నడిచి తిరిగొచ్చేంత ఆలస్యం చేసింది ఆ పొద్దు బండి. అది వచ్చి నిలబడేదాకా నేను బెంచీ మీదనుంచి లేవలేదు.